బడ్జెట్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నారా? రిటర్న్ గడువు అయిపోయేలోపు ఇవి చూసుకోండి

ఫోన్ రివ్యూలు రాసే చోట గిటార్ గురించి ఏంటి అనుకుంటున్నారేమో. కారణం మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు. రాజోలులో ఒక మొబైల్ షాపులో పని చేస్తాడు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు, ఛార్జింగ్ పోర్టులు మార్చడంలో చెయ్యి తిరిగినవాడు. జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెట్టుకుని, నవంబర్‌లో ఆన్‌లైన్‌లో పదకొండు వేలకి ఎలక్ట్రిక్ గిటార్ తెప్పించుకున్నాడు. సెమీ క్రిస్మస్‌కి చర్చి క్వయర్‌లో వాయించాలని వాడి ప్లాన్. బాక్స్ విప్పిన సాయంత్రమే నాకు వీడియో కాల్ చేశాడు.

"అన్నయ్యా, ఫోన్ అయితే చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తాను. ఫ్రేమ్ వంగిందా, గమ్ సరిగ్గా వేశారా అని. దీన్ని ఎక్కడ చూడాలో తెలియట్లేదు. రిటర్న్‌కి ఏడు రోజులే టైముంది."

అడగాల్సిన ప్రశ్నే అది. అమలాపురంలోనైనా రాజోలులోనైనా ఫోన్ బాగుచేసేవాళ్ళు వీధికొకరు ఉంటారు. గిటార్ ఫ్రెట్లు లెవెల్ చేసేవాళ్ళు మాత్రం మాకు దగ్గర్లో ఎవరూ దొరకలేదు. కాబట్టి ఆ ఏడు రోజుల్లో మనకి మనమే చూసుకోవాలి.

ఏది పోయే లోపం, ఏది పోని లోపం

గిటార్‌లో లోపాలు రెండు రకాలు. ఎలెన్ కీ, స్క్రూడ్రైవర్, చిన్న ఆకురాయి ఉంటే పోయేవి సెటప్ లోపాలు. చెక్కలోనో కొలతలోనో ఉండిపోయినవి నిర్మాణ లోపాలు. చిక్కు ఎక్కడంటే, సెటప్ లోపాలు మొదటి నిమిషంలోనే చేతికి తగులుతాయి. తీగలు ఎత్తుగా ఉంటాయి, వేళ్ళు నొప్పెడతాయి, ఎక్కడో బర్రుమంటుంది. నిర్మాణ లోపాలు కొత్తలో అసలు తెలియవు. అందుకని మంచి గిటార్‌ని తిప్పి పంపేసి, పనికిరానిదాన్ని ఉంచుకోవడం చాలా తేలిక.

నేను చేసింది అదే. బీటెక్ మూడో సంవత్సరంలో ఒక షాపుకి వెళ్ళాను. రెండు గిటార్లు చూపించారు. ఒకటి మామూలు నలుపు, తీగలు ఎత్తుగా ఉన్నాయి. రెండోది సన్‌బర్స్ట్ రంగు, అద్దంలా మెరుస్తోంది, తీగలు కిందకే ఉన్నాయి. మెరిసేది తెచ్చుకున్నాను. వానాకాలం వచ్చేసరికి సన్న తీగల వైపు ఏడో ఫ్రెట్ దాటితే నోటు పలకదు, లావు తీగల వైపు మాత్రం బాగానే ఉంది. నెక్ మెలి తిరిగింది. అప్పుడు ఆ మాట కూడా తెలియదు నాకు. యూట్యూబ్ చూసి ట్రస్ రాడ్ తిప్పుతూ పోయాను, అది ఇంకో సమస్య తెచ్చింది. ఆ గిటార్ ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది.

అసలు చవక గిటార్ ఎక్కడ చవక?

దీనికి జవాబు తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మన బొబ్బిలి వీణ చూడండి. పనస చెక్కతో చేస్తారు, మెట్లు 24 ఉంటాయి. ఆ మెట్లని మైనం మీద కూర్చోబెడతారు. అంటే ఒక్కో మెట్టు ఎక్కడ ఉండాలో చెవితో విని, చేత్తో జరిపి సరిచేస్తారు. మైనం కదిలితే మళ్ళీ మేళం చేయించుకోవచ్చు. గిటార్‌లో అలా కుదరదు. నెక్ మీద సన్నటి గాడులు కోసి, లోహపు తీగని కొట్టి దిగ్గొడతారు. గాడి ఎక్కడ కోస్తే ఫ్రెట్ అక్కడే, జీవితాంతం.

మంచి విషయం ఏంటంటే, ఆ గాడులు ఇప్పుడు కంప్యూటర్ నడిపే మెషిన్లు కోస్తున్నాయి. పది వేల గిటార్‌లో అయినా లక్ష గిటార్‌లో అయినా గాడుల దూరం దాదాపు కరెక్టుగానే ఉంటుంది. బాడీ ఆకారం కూడా అంతే. ఖర్చు తగ్గించేది ఎక్కడంటే చేతి పనిలో. ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకి అరగదీయడం, వాటి చివరలు నున్నగా చేయడం, నట్‌లో గాడులు సరైన లోతుకి కోయడం, చెక్కని తగినన్నాళ్ళు ఆరబెట్టడం. వీటికి మనిషి కావాలి, టైము కావాలి. బడ్జెట్ గిటార్‌లో ముందు కోత పడేది వీటి మీదే.

అన్నట్టు, కరెంటు తీగవాద్యం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. రాజోలు నుంచి చించినాడ బ్రిడ్జి మీద వశిష్ఠ దాటితే పాలకొల్లు వస్తుంది. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. జంట తీగలుండే మాండలిన్‌ని పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారాయన. గమకం కోసం వాద్యాన్నే మార్చుకున్న మనిషి. మనం కనీసం కొన్న వాద్యం వంకరగా ఉందో లేదో చూసుకోవాలి కదా.

నెక్: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువసేపు

సాధారణంగా వాడే 09 గేజ్ తీగల సెట్‌ని 648 మిల్లీమీటర్ల స్కేల్ ఉన్న గిటార్ మీద శ్రుతి చేస్తే, ఆరు తీగలూ కలిసి నెక్‌ని దాదాపు 38 కిలోల బలంతో లాగుతాయి. పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో సగం బస్తా అనుకోండి. రాత్రీ పగలూ ఆ లాగుడు ఉంటూనే ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. ఆ కడ్డీ నెక్‌ని పొడవు వెంట వచ్చే వంపు నుంచి మాత్రమే కాపాడుతుంది. మెలి తిరిగితే అది ఏమీ చేయలేదు.

చూడటం ఎలాగంటే, గిటార్ బాడీని కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, నెక్ అంచు వెంట తల వైపుకి చూడాలి. ముందు ఒక అంచు, తర్వాత రెండో అంచు. రెండూ ఒకేలా ఉండాలి. రెండిట్లోనూ ఒకే రకం చిన్న వంపు ఉంటే ఫర్వాలేదు, అది ట్రస్ రాడ్‌తో పోతుంది. ఒక అంచు తిన్నగా, రెండోది వంపుగా కనిపించినా, చివరి ఫ్రెట్టుతో పోలిస్తే తల దగ్గర నట్ ఒక పక్కకి వాలినట్టు కనిపించినా మెలి తిరిగినట్టే. మాట్లాడకుండా రిటర్న్ పెట్టేయండి.

మా తమ్ముడికి వీడియో కాల్‌లో ఇది ఎంత చెప్పినా అర్థం కాలేదు. కెమెరా లెన్స్ వల్ల తిన్నని గీత కూడా వంకరగానే కనిపిస్తుంది, నేనూ చూసి చెప్పలేకపోయాను. చివరికి పక్కింటి వడ్రంగి మేస్త్రిగారి దగ్గరకి తీసుకెళ్ళమన్నాను. ఆయనకి గిటార్ గురించి ఏమీ తెలియదు. ద్వారబంధం చెక్క చూసినట్టే ఒక కన్ను మూసి పది సెకన్లు చూశారట. "మెలుంది బాబూ ఇందులో. చెక్క ఆరకుండా కోసేశారు, ఆయ్" అన్నారట. మొదటి గిటార్ అలా వెనక్కి పోయింది. మీ ఊళ్ళో గిటార్ మెకానిక్ లేకపోయినా మేస్త్రి ఉంటారు. నా అనుభవంలో ఇంతకంటే మంచి సలహా లేదు.

వంపు ఎంత ఉందో కొలవడానికి తీగనే స్కేలుగా వాడొచ్చు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఉన్న ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఇప్పుడు తీగ తిన్నని గీత. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు, అంటే పావు మిల్లీమీటరు అటూ ఇటుగా ఉంటే చాలు. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ నట్టుని కుడివైపుకి, పావు చుట్టు చొప్పున తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి చూడాలి. పావు చుట్టు దాటి ఒకేసారి తిప్పొద్దు. కొత్త గిటార్‌లో ఆ నట్టు ఇప్పటికే బిగుసుకుపోయి కదలట్లేదు, వంపు మాత్రం అలాగే ఉంది అంటే ఆ కడ్డీలో ఇక పని మిగల్లేదు. అదీ రిటర్న్ కేసే.

ఫ్రెట్లకి ఏటీఎం కార్డు

రెండో గిటార్ వచ్చింది. నెక్ చక్కగా ఉంది, మేస్త్రిగారు కూడా సరే అన్నారు. కానీ మా వాడికి అస్సలు నచ్చలేదు. "అన్నయ్యా, మొదటిదే నయం. దీని అంచు మీద చెయ్యి జరిపితే గీసుకుపోతోంది. తీగలు మేడంత ఎత్తున ఉన్నాయి. ఇదీ పంపేస్తాను." అప్పటికి నాలుగు రోజులు గడిచాయి. శనివారం బస్సెక్కి వెళ్ళాను.

గీసుకుపోవడం అంటే ఫ్రెట్ చివరలు బయటికి పొడుచుకు రావడం. చెక్క ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకుపోదు. పొడి గోడౌన్‌లో నెలల తరబడి ఉన్న గిటార్‌కి ఇది మామూలే. నెక్‌కి మాస్కింగ్ టేపు వేసి, సన్న ఆకురాయితో ఏటవాలుగా నాలుగు గీతలు గీస్తే పోతుంది. గంట పని. దీనికోసం గిటార్ తిప్పి పంపనక్కర్లేదు.

చూడాల్సింది ఫ్రెట్ల ఎత్తు. ఏటీఎం కార్డు అంచుని పక్కపక్కనే ఉన్న మూడు ఫ్రెట్ల మీద, తీగల మధ్య సందులో నిలబెట్టండి. మూడింటిని మాత్రమే తాకాలి. కింది ఫ్రెట్లకి కార్డు పొడుగు అంచు, ఎనిమిదో ఫ్రెట్ దాటాక పొట్టి అంచు, ఇంకా పైకి వెళ్తే అంతకంటే చిన్న తిన్నని లోహపు ముక్క ఏదైనా సరిపోతుంది. కార్డు ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ఒకటీ రెండూ ఊగితే ఆందోళన వద్దు. ఒక్కోసారి ఫ్రెట్ గాడిలోకి పూర్తిగా దిగక లేచి ఉంటుంది, చిన్న చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తడితే దిగిపోతుంది. ఏడెనిమిది చోట్ల ఊగితే మొత్తం నెక్ లెవెల్ చేయించాలి. అది మన దగ్గర దొరకని పని కాబట్టి అలాంటిది ఉంచుకోవద్దు. తమ్ముడి గిటార్‌లో పద్నాలుగో ఫ్రెట్ ఒక్కటే ఊగింది.

తీగల ఎత్తుకీ అదే కార్డు. ఏటీఎం కార్డు మందం ప్రపంచమంతా ఒకటే, 0.76 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద రెండు కార్డులు సులువుగా దూరి, మూడోది కష్టంగా ఉంటే మంచి ఎత్తు. మా వాడి గిటార్‌లో నాలుగు కార్డులు దూరాయి. ట్రస్ రాడ్ పావు చుట్టు, బ్రిడ్జి శాడిల్స్‌లో ఉన్న బుల్లి స్క్రూలు ఎలెన్ కీతో కాస్త కిందకి. ఇరవై నిమిషాల్లో "మేడ" దిగింది. వాడు మొహం చూడాలి అప్పుడు.

కొలత తప్పితే స్క్రూ కాపాడదు

ఇది చాలామంది చూడరు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా టేపుతో కొలవండి. 648 స్కేల్ గిటార్‌కి 324 మిల్లీమీటర్లు రావాలి. పన్నెండో ఫ్రెట్ నుంచి సన్న తీగ శాడిల్ దాకా కూడా దాదాపు అంతే, కొంచెం ఎక్కువ రావాలి. లావు తీగలకి ఇంకొంచెం ఎక్కువ. తర్వాత ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీతాకనట్టు వాయిస్తే వచ్చే హార్మోనిక్‌నీ, నొక్కి వాయిస్తే వచ్చే నోటునీ పోల్చండి. నొక్కిన నోటు ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే ముందుకి. శాడిల్ చివరిదాకా జరిగిపోయినా తేడా పోకపోతే, బ్రిడ్జినే తప్పు చోట బిగించారన్నమాట. ఆ గిటార్ ఎప్పటికీ శ్రుతిలో ఉండదు. క్వయర్‌లో కీబోర్డు పక్కన వాయిస్తే అందరికీ తెలిసిపోతుంది.

నెక్ పక్కకి జరిగిందేమో కూడా చూడండి. రెండు చివరి తీగలూ నెక్ అంచులకి సమాన దూరంలో ఉండాలి. ఒకటి అంచు మీదకి వచ్చేస్తుంటే, తీగలు వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు కొద్దిగా సడలించి, నెక్‌ని సరైన వైపుకి నెట్టి మళ్ళీ బిగించడమే. 1950లో ఫెండర్ కంపెనీ నెక్‌ని గమ్‌తో కాకుండా స్క్రూలతో బిగించి గిటార్లు అమ్మడం మొదలుపెట్టింది. తయారీ తేలిక, నెక్ పాడైతే మార్చుకోవచ్చు. ఇప్పటి బడ్జెట్ గిటార్లలో ఎక్కువ శాతం ఆ దారిలోవే. నెక్ కూర్చునే గుంటలో పక్కన సందు కాగితం దూరేంత ఉంటే మామూలే, కార్డు దూరేంత ఉంటే మామూలు కాదు.

నట్ సంగతి ఒక్క ముక్కలో: మూడో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు మొదటి ఫ్రెట్ మీద తీగకి వెంట్రుకవాసి సందు ఉండాలి. బాగా ఎక్కువుంటే గాడి లోతు చేయాలి, అస్సలు లేకపోతే కొత్త నట్ వేయాలి. చవక వస్తువే. గిటార్ శ్రుతి నిలవట్లేదని అందరూ ట్యూనింగ్ కీలని తిడతారు గానీ, తీగ నట్ గాడిలో పట్టేయడం వల్లే ఎక్కువసార్లు అలా అవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి గాడిలో రాస్తే చాలావరకు తగ్గుతుంది.

చెక్క పేరు చూసి మోసపోవద్దు

స్పెక్స్‌లో పాప్లర్, బాస్‌వుడ్ అని బాడీ చెక్క పేర్లు రాస్తారు. ఇది నాకు ఫోన్లలో మెగాపిక్సెల్స్ లాంటిది అనిపిస్తుంది. పికప్ పట్టుకునేది ఉక్కు తీగ కదలికని, చెక్క ధ్వనిని కాదు. చెక్క స్క్రూని గట్టిగా పట్టుకుంటుందా లేదా అన్నదే మనకి కావాలి. స్ట్రాప్ బటన్, బ్రిడ్జి స్క్రూలు వదులుగా తిరుగుతూనే ఉంటే అనుమానించండి.

ఫ్రెట్‌బోర్డు మీద "ఇండియన్ లారెల్" అని రాసి ఉంటే తక్కువ రకం అనుకోకండి. అది మన నల్లమద్ది. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి ఎగుమతుల మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. చవక గిటార్లలో లారెల్ లాంటి చెక్కలు ఎక్కువగా కనిపించడం అప్పటినుంచే. 2019లో తయారైన వాద్యాలకి సడలింపు ఇచ్చినా, చాలా మోడళ్ళలో లారెల్ అలాగే ఉండిపోయింది. గట్టి చెక్కే, భయం లేదు.

మల్టీమీటర్ ఉన్నవాడికి ఐదు నిమిషాలు

ఇక్కడ మాత్రం మా తమ్ముడు నాకంటే ముందున్నాడు. గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ ఫుల్ చేసి, రెండో చివర జాక్ మొనకీ మొదలుకీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. మామూలు సింగిల్ కాయిల్ పికప్ ఐదు నుంచి ఏడు కిలో ఓమ్‌ల దగ్గర, హంబకర్ ఏడు నుంచి పైకి చూపిస్తుంది. సెలెక్టర్ స్విచ్ ప్రతి పొజిషన్‌లోనూ చూడాలి. ఎక్కడైనా ఓపెన్ అని వస్తే లోపల వైరు ఊడింది. వాల్యూమ్ తిప్పినప్పుడు మీటర్ అంకె గెంతితే పాట్ బాగోలేదు. రెండూ సోల్డరింగ్ ఐరన్‌తో పోయేవే.

ఆంప్ పెట్టాక సింగిల్ కాయిల్ గుయ్‌మని 50 హెర్ట్జ్ శబ్దం చేస్తుంది. అది దాని స్వభావం. తీగ మీద చెయ్యి వేస్తే శబ్దం తగ్గాలి. పెరిగితే తీగల గ్రౌండ్ వైరు చూడాలి. చేతికి జివ్వుమంటే మాత్రం గిటార్ వదిలేసి ఇంట్లో ఎర్తింగ్ చూడండి. మూడు పిన్నుల ఆంప్ ప్లగ్గుని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టే అలవాటు పందిళ్ళ దగ్గరా, ఇళ్ళలోనూ చాలామందికి ఉంది. లైన్ టెస్టర్ తీగకి ఆనిస్తే వెలిగిందా, ఆ ప్లగ్గులో వాయించకండి. పక్కనే ఇనప మైకు స్టాండుకి పెదవి తగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

కోనసీమ గాలి

పరీక్షలన్నీ పాసైన గిటార్ కూడా మన ఊళ్ళో ఊరికే ఉండదు. గిటార్లకి 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు. చుట్టూ కాలువలు, కొబ్బరి తోటలు, కింద సముద్రం ఉన్న చోట ఆ లెక్క కుదిరే రోజులు తక్కువ. వానాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి నెక్ వంపు చూసుకుంటే చాలు. గోడకి ఆనించి పెట్టొద్దు, ఆ చెమ్మకి బూజు పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఉన్న ఊళ్ళలో ఇంకో బాధ ఉంది. ఫ్రెట్లు నికెల్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. పేరులో తప్ప వెండి లేదు, ఎర్ర తుప్పు పట్టదు. తీగలు, శాడిల్ స్క్రూలు మాత్రం ఉక్కు. వాయించాక పొడి గుడ్డతో తుడవాలి, శాడిల్ స్క్రూలకి మిషన్ ఆయిల్ ఒక్క చుక్క పెట్టాలి. లేదంటే రెండేళ్ళలో ఎలెన్ కీ తిరగదు, అప్పుడు ఇందాక చెప్పిన సర్దుబాట్లేవీ చేయలేం.

మా వాడు కొత్త ఫోన్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగేసి గిటార్ బ్యాగులో వేస్తున్నాడు. పద్నాలుగో ఫ్రెట్ మేస్త్రిగారే చెక్క ముక్క పెట్టి రెండు దెబ్బల్లో దించేశారు. డిసెంబర్ రెండో ఆదివారం వాయించాడు. వీడియో పంపాడు, రెండో పాటలో కార్డు తప్పాడు గానీ గిటార్ తప్పు కాదది.